చెంచా కాడతో కుట్టే బుట్ట

మే నెలాఖరుకు అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రపు చార్లెస్టన్‌లో ఎటు చూసినా పాటలూ నాటకాలే. సంగీతకర్త జాన్ కార్లో మెనోట్టి 1977లో ఇక్కడ మొదలుపెట్టిన స్పొలేటో ఉత్సవం 17 రోజులు సాగుతుంది. మా షార్లట్ నుంచి కారులో మూడున్నర గంటల దారి. టిక్కెట్లు ముందే తీసుకునే వెళ్తాం గానీ, ఊళ్లో దిగగానే నేను నడిచేది సిటీ మార్కెట్ వైపు.

అక్కడ గల్లా అనే ఆఫ్రికన్ అమెరికన్ సమాజపు ఆడవాళ్లు గడ్డిబుట్టలు కుడుతూ కూర్చుంటారు. స్వీట్‌గ్రాస్ పోచల్ని చిటికెన వేలి లావున పోగుచేసి, చుట్టలు చుట్టలుగా తిప్పుకుంటూ పోతారు. కింది వరుసలో చెంచా కాడతో పొడిచి సందు చేస్తారు. అందులోంచి పామెట్టో ఆకు చీలికను దూర్చి బిగలాగుతారు. చెంచా గిన్నె తీసేసి కాడ కొసను అరగదీస్తే, అదే పనిముట్టు. ముదురు రంగు చారలకు పైన్ చెట్టు సూదులు కలుపుతారు. ఒకావిడ పక్కావిడతో ఏదో తగువు తీరుస్తూనే చుట్టూ వరుస పూర్తిచేసేసింది. చేతివైపు చూస్తే ఒట్టు!

బానిసలుగా తెచ్చిన పశ్చిమాఫ్రికా వాళ్ల వెంట వచ్చిన పని ఇది. ఇక్కడి వరి తోటల్లో దంచిన ధాన్యాన్ని చెరిగింది ఇలా కుట్టిన వెడల్పాటి బుట్టలతోనే. అచ్చంగా మన చేట పని. ఆ వరిసాగు పోయినా కుట్టు నిలిచిందంటే అమ్మకం వల్లే. 1930ల నుంచి హైవే 17 పక్కన బల్లలు వేసి, వచ్చేపోయేవాళ్లకు అమ్మారు. ‘టూరిస్టు సరుకు’ అని పెదవి విరిచేవాళ్లతో నాకు అందుకే పేచీ. మన మేదరి చేటకు అలాంటి గిరాకీ ఉంటే ప్లాస్టిక్ చేట ఇంత సులువుగా వంటింట్లో దూరేదా? 2006లో సౌత్ కరోలినా ఈ బుట్టను రాష్ట్ర హస్తకళగా ప్రకటించింది. 2008లో ఇక్కడి బుట్టల కళాకారిణి మేరీ జాక్సన్‌కు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది.

అయినా బేరాలు ఆగవు. ఆపెరా టిక్కెట్టుకు నోరెత్తనివాళ్లే అరచేతిలో పట్టే బుట్ట ధర వినగానే ‘గడ్డే కదా’ అంటారు. ఆ గడ్డికే ఇప్పుడు కరువు. తీరం పొడవునా రిసార్టులూ గేటెడ్ కాలనీలూ లేచి, పూర్వం పీక్కున్న చోట్లకు దారి మూసేశాయి. కొందరు జార్జియా, ఫ్లోరిడా దాకా వెళ్లి తెచ్చుకుంటున్నారు. బేరమాడేవాళ్లు ఆ పెట్రోలు ఖర్చు కూడా కలిపి ఆడితే బాగుంటుంది.