జవాబు రెండు పేజీలు కూడా ఆగదు

తెలుగు పిల్లల్లో ఎక్కువమంది చదివే సైన్సు రచన బడి పుస్తకమే. దాన్ని మాత్రం మనం ఎప్పుడూ సమీక్షించం. నవల అనువాదంలో ఒక మాట తేడాగా పడితే పేజీలు నింపేస్తాం కదా! అందుకే ఈసారి ఒక ‘కృత్యా’న్ని రచనగానే చదివాను.

ఎన్‌సీఈఆర్‌టీ 2007లో తెచ్చిన ఏడో తరగతి సైన్సు పుస్తకంలో, ఆమ్లాలూ క్షారాల పాఠంలో ఉందది. పసుపు ముద్ద కాగితానికి పూసి ఆరబెట్టి, సబ్బునీళ్ల చుక్క వెయ్యమంటారు. ఏం గమనించారని అడుగుతారు. బాగుంది. కానీ పాఠం అక్కడ ఉండగానే ఒక పాత్ర వచ్చి, చొక్కా మీది పసుపు మరక సబ్బుకి ఎర్రబడుతుందనీ, సబ్బు క్షారం కాబట్టే అలా అవుతుందనీ చెప్పేస్తుంది. ఇక చుక్క వెయ్యడం దేనికి? గడిలో ‘ఎరుపు’ అని రాసేసుకుంటే పోయె. పెళ్లిబట్టలు ఉతికిన ఇంటి పిల్లకి ఆ ఎరుపు ఎలాగూ కొత్త కాదు.

ఇదే పసుపు కాగితాన్ని భీమవరం పక్క ఏదైనా రొయ్యల చెరువు గట్టుకి తీసుకెళ్లండి. ఆ ఇళ్లల్లో పీహెచ్ అనేది అన్నం దగ్గర వినపడే మాట. చెరువు నీళ్ల పీహెచ్ ఎనిమిది దగ్గర ఉంటే, పసుపు ఎరుపుకి తిరగాలా వద్దా అన్నట్టు నిలబడిపోతుంది. ఒకడు మారిందంటాడు, ఇంకొకడు లేదంటాడు. సబ్బూ క్షారమే, చెరువు నీళ్లూ క్షారమేనా? అయితే తేడా ఎంత? ప్రయోగం మొదలయ్యేది ఇక్కడ. పుస్తకానికి ఈ వాదన పనికిరాదు, గడిలో పట్టదు కనక.

అంతకన్నా పెద్ద ప్రయోగం అక్కడే రోజూ రాత్రి జరుగుతోంది. చీకటి పడ్డాక నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారు చెయ్యదు. ఊపిరి మాత్రం రొయ్యా, నాచూ, బాక్టీరియా అన్నీ తీస్తాయి. తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అందుకే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగు. గరాటు కింద హైడ్రిల్లా పెట్టి బుడగలు చూపించే కిరణజన్య సంయోగక్రియ పాఠానికి ఆ పరుగు తెలియదు. ఆ పాఠం తప్పని కాదు. గాజుగొట్టం లేని బడిలో బొమ్మ చూసి బొమ్మ గీస్తారు, అంతే.

దేశమంతటికీ ఒకే పుస్తకం, భీమవరం దానికెలా తెలుస్తుంది అంటారా? తెలియక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలైన సైన్సు కార్యక్రమం ఆ పనే చేసింది. వాళ్ల ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకాలు ప్రశ్నలు వేసి జవాబులు చెప్పకుండా ఊరుకున్నాయి. పుస్తకంలో జవాబు లేదు కాబట్టి పరీక్షకీ పుస్తకం తీసుకెళ్లనిచ్చారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్ఫై ఏళ్లు నడిచిందంటే పిల్లలకి చేతకాని పనైతే కాదుగా.

మన దగ్గర 2020లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు అచ్చేసిన పుస్తకాలొచ్చాయి. మంచి ఏర్పాటే. చిక్కేమిటంటే ఆ తెలుగు పేజీ కూడా చాలాచోట్ల ఇంకో పరాయి పేజీయే. డెల్టా రైతు చౌడులో కూడా పాల చౌడు వేరు, కారు చౌడు వేరు అంటాడు. మొదటిది ఉప్పు నేల, రెండోది క్షార నేల. ‘క్షారం’ అన్న మాట పక్కన ‘కారు చౌడు’ అని రాస్తే పట్టే చోటు అర అంగుళం.