తాడు పట్టిన చెయ్యి

సురభి నాటక సమాజం వాళ్ల ‘మాయాబజార్’ నాటకం చూసొచ్చినవాళ్లంతా ఘటోత్కచుడి నోట్లోకి వాటంతటవే ఎగిరి వెళ్లే లడ్డూల గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ లడ్డూల కన్నా పక్క తెర చాటున తీగ పట్టుకుని నిలబడ్డ మనిషి మీదే మమకారం. సన్నటి తీగ మీద వెలుగు ఒక్క పిసరు ఎక్కువ పడినా మాయ కాస్తా బయటపడుతుంది. కాస్త తొందరపడి లాగితే లడ్డూ గాల్లో ఊగిసలాడుతుంది, ఆలస్యమైతే పాపం నటుడు నోరు తెరుచుకుని నిలబడాల్సిందే. అందుకే అతని చూపు తీగ మీదుంటే, చెవి పద్యం మీదుంటుంది. రాగం ఎక్కడ ఆగుతుందో ముందే పసిగట్టాలి. ఆ రాగం సాగదీత ఏ రెండు రాత్రులూ ఒకేలా ఉండదు, జనం చప్పట్లు కొట్టిన కొద్దీ పెరుగుతుంది కూడా! రంగులద్దిన తెర సరసర చుట్టుకుంటూ పైకి పోతే రాజమందిరం పోయి అడవి వస్తుంది. మేఘాల్లోంచి నారదుడు దిగేటప్పుడైతే ఒక నిండు ప్రాణం అతన్ని దించే తాడు ముడి మీద ఆధారపడి ఉంటుంది. ఇంతా చేసి ఆ తాడు పట్టేది చాలాసార్లు నటుల్లో ఒకరే, వాళ్ల ఇంటి మనిషే. తన పాత్ర అయిపోగానే కిరీటం తీసి పక్కన పెట్టి, ముఖం మీద రంగుతోనే వచ్చి తాడందుకుంటాడు. చప్పట్లు అటు, చెమట ఇటు. ఫోన్లో గ్రాఫిక్స్ చూసి పెరిగిన పిల్లలు కూడా ఈ నాటకం చూస్తూ “ఎలా చేశారు?” అని మోచేత్తో పొడుస్తారు. నాకు తెలిసినా చెప్పను.