రంగూన్ తాతలకు కూడా

మా మామ్మకు చదువు రాదు. అయినా వంశమంతా ఆవిడ నోట్లోనే ఉండేది. సంక్రాంతి నాడు హౌరా మిల్లు లైన్లోని ఇరుకు గదిలో గోడకు పసుపు రాసి, బొట్లు పెట్టి, పీట మీద కొత్త బట్టలు పేర్చి, సాంబ్రాణి వేసి ఒక్కొక్క పేరే పిలిచేది. బట్టల పక్కన ఇక్కడి నొలెన్ గుర్ అనే ఖర్జూరపు బెల్లంతో వండిన అరిసెలు, చేపల కూర, తాతకు చుట్ట. పెద్దలకు పెట్టాకే పిల్లలకు. ఉత్తరాంధ్రలో పెద్దలకు బట్టలు పెట్టడమంటే ఇదే.

1900లో రూప్‌నారాయణ్ నది మీద కోలాఘాట్ వంతెన పూర్తయి రైలు హౌరా దాకా వచ్చాక, శ్రీకాకుళం, గంజాం పల్లెల నుంచి సంసారాలకు సంసారాలే జూట్ మిల్లులకు తరలివచ్చాయి. గోనె సంచులు కుట్టే పని ఎక్కువగా ఆడవాళ్లది. మామ్మ కూడా ఆ పనే చేసింది. ఆవిడ అన్నదమ్ముల్లో ఒకరు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరారు, ఇద్దరు రంగూన్ వెళ్లారు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు అడవిదారిన కాలినడకన బయల్దేరిన ఆ ఇద్దరూ ఇల్లు చేరలేదు. ఏ రోజు పోయారో, ఎక్కడ పోయారో తెలియదు కనుక వాళ్లకు మా ఇంట్లో తద్దినం లేదు. సంక్రాంతి ఉంది. నేను పేర్లు అప్పజెబుతూ ఎక్కడైనా తడబడితే మామ్మ ఊరుకునేది కాదు.

"ఏట్రా, రంగూన్ తాతల్ని ఒగ్గేసినావేటి?"

తర్పణం మూడు తరాలు పైకి వెళ్తుంది. మామ్మ వరస పక్కలకు కూడా పాకేది. అత్తారింట్లో పోయిన చెల్లెలు, పేరైనా పెట్టకముందే పోయిన పిల్ల, నా అన్నవాళ్లు లేక మా గడపలోనే అన్నం తిన్న గంజాం ముసలాయన, అందరూ అందులో ఉండేవారు. ఆ ముసలాయనకూ ఒక తువ్వాలు పెట్టేది. మాది పెద్ద కుటుంబమని అందరూ అంటారు. అది పెద్దదిగా మిగిలింది మామ్మ అలా పిలుస్తూ ఉండబట్టేనని నా గట్టి నమ్మకం.

ఆవిడ పోయాక పేర్లన్నీ నోటుపుస్తకంలో రాసి, ఫోన్లో ఖరగ్‌పూర్ పిన్నికి చదివి వినిపించాను. నా దగ్గర లేనివి ఇంకొన్ని చెప్పింది. ఇప్పుడు విశాఖలో, భిలాయ్‌లో ఉన్నవాళ్లనూ అడుగుతున్నాను. ఈ సంక్రాంతికి మామ్మకు పొందూరు నేత చీర పెడుతున్నాం. పండగయ్యాక అది ఎవరు కట్టుకోవాలో పిన్నే చెప్పాలి.