దబీర్‌పురాలో ద ఎక్కడ?

హైదరాబాద్ పాతబస్తీలో దారి అడగడం అంటే పలకరించడమే. "చిచ్చా, దబీర్‌పురా కిధర్?" అంటే చిచ్చా చెయ్యి చాపి దర్వాజా చెప్తాడు, దర్వాజా పక్కన మసీదు చెప్తాడు, చివర్న "కిస్కే ఘర్?" అని కూడా అడుగుతాడు.

ఇప్పుడు అడిగే పని లేదు. 2005లో మొదలైన గూగుల్ మ్యాప్స్ చేతిలో ఉంది. నీలం చుక్క మనం, నీలం గీత దారి. దీన్ని ఒక రచనగా చదవమంటాను. రచన అన్నాక రాసినవాడి భాష ఉంటుంది. వదిలేసిందీ ఉంటుంది.

భాష సంగతి చూడండి. స్థలాల పేర్లను తెలుగుతో సహా 10 భారతీయ భాషల లిపుల్లోకి యంత్రమే మారుస్తుందని 2021 జనవరిలో ప్రకటించారు. ఆ పదిలో ఉర్దూ లేదు. ఈ వీధులకు పేర్లు పెట్టిన ఉర్దూ, 2017లో తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయిన ఉర్దూ లేదు. పైగా మార్చేది ఇంగ్లీషు అక్షరాల నుంచి. అక్కడ ద, డ ఒకటే. త, ట ఒకటే. దబీర్ అంటే రాయసగాడు. డబీర్ అంటే ఏమీ కాదు. ఉర్దూకీ తెలుగుకీ ద వేరు, డ వేరు. ఇరుగుపొరుగు భాషలు మాట్లాడుకోడానికి మధ్యన ఇంగ్లీషు దుబాసీ ఎందుకు?

ఇక వదిలేసింది. 2024 జులైలో హైదరాబాద్ సహా 8 నగరాల్లో కార్లను ఇరుకు దారులనుంచి తప్పించే ఏర్పాటు తెచ్చారు. డ్రైవరుకి మేలే, గల్లీకీ కాస్త ఊపిరే. కానీ కారులో వచ్చేవాడికి పాతబస్తీ అంటే చార్మినారూ, నాలుగు పెద్దరోడ్లూ. గల్లీ మొహం చూడకుండా గల్లీ మీద తీర్పులిచ్చేవాళ్ళు ఇదివరకే తక్కువేం లేరు.

అలాగని మ్యాప్‌ని తిట్టిపోస్తే అన్యాయం. యాకుత్‌పురా అమ్మాయి ఎవర్నీ అడక్కుండా మాదాపూర్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళొస్తోంది. చిచ్చా ప్రశ్నలో ఆప్యాయతతోపాటు నిఘా కూడా ఉందని ఆమెకు తెలుసు. పేరు చెప్పగానే అద్దె ఇల్లు లేదనిపించుకున్న వాళ్ళకి, పేరు అడగని దారి చిన్న విషయం కాదు.

మరి మనమేం చేస్తున్నాం? తప్పు పేరు కనపడితే దిద్దమని ఎవరైనా పంపొచ్చు. పంపాలి. ఉర్దూ లిపి కావాలని ముస్లిములే కాదు, తెలుగువాళ్ళూ అడగాలి. మీర్ ఆలం మండీ అరుగుల మీది ముసలాళ్ళ దగ్గర కూచుని ఏ గల్లీకి ఆ పేరు ఎందుకొచ్చిందో రెండు భాషల్లోనూ రాసుకోవాలి. ఆ పని ఏ కంపెనీ చెయ్యదు.