దోసె, బస్సు, దిద్దుబాటు

దోసెకూ బస్సుకూ ఏమిటండీ సంబంధం? 2021కి ముందు ఎవరైనా ఈ మాటడిగితే నవ్వేసి ఊరుకునేవాళ్లం. ఆ ఏడాది నవంబరులో ఆ సంబంధం లాయరు నోటీసు దాకా వెళ్లింది!

ర్యాపిడో అనే బైకు ట్యాక్సీ కంపెనీ ఒక ప్రకటన తీసింది. దోసెలు పోసేవాడిగా అల్లు అర్జున్ కనిపిస్తాడు. బస్సు ప్రయాణాన్నీ మసాలా దోసెనీ కలిపి ఓ పోలిక చెప్పి, హాయిగా బైకెక్కి పొమ్మంటాడు. చూసినవాళ్లు కొందరు నవ్వారు. ఆర్టీసీ వాళ్లకు మాత్రం కడుపు మండింది. అప్పటి తెలంగాణ ఆర్టీసీ ఎం.డి. సజ్జనార్ అటు నటుడికీ, ఇటు కంపెనీకీ నోటీసులు పంపించారు. కంపెనీ బస్సు కనిపించే ముక్కలు కత్తిరించి ప్రకటన మళ్లీ వదిలింది. అంతటితో తగవు తీరలేదు. డిసెంబరులో హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు ఆర్టీసీని కించపరిచే ప్రకటన ఆపమంది.

కథలు రాసుకునేదాన్ని కాబట్టి ముందు ఆ ప్రకటనని ఓ చిన్న కథలాగే చూస్తాను. పోలిక బాగుంది. నటుడి హుషారుకి వంక పెట్టలేం. లోపమల్లా ఎవరిని చూసి నవ్వమంటున్నాడన్న చోట ఉంది. బస్సుని తిట్టని మనిషి మా గోనెగండ్ల వైపు ఉంటే చూపించండి! "ఈ బస్సుకేం రోగమొచ్చెనో, ఇంగా రాకపోయె" అంటూనే స్టాపులో నిలబడతాం. రాగానే "కొంచెం జరగమ్మా, పిల్లోడుండాడు" అంటూ అందులోనే ఎక్కుతాం. పుట్టింటిని మనం ఎన్నయినా అనుకుంటాం. పక్కింటావిడ ఒక్క మాటంటే పడతామా? అందులోనూ ఆ పక్కింటావిడ తన సరుకు అమ్ముకోడానికి అంటుంటే!

పైగా బైకు మీద పట్టేది ఒక్కరు. ఆదోని మార్కెట్టుకు పత్తి అమ్మబోయే కుటుంబమూ, ఎమ్మిగనూరు జాతరకు ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరే తల్లీ ఆ దోసెల కథలో ఎక్కడా లేరు. వాళ్ల ఇరుకుని మాత్రం నవ్వుకి వాడుకున్నారు.

అయితే ఆర్టీసీ చేసిందంతా సబబేనా అంటే, దానికీ ఓ మాటుంది. అంత పెద్ద సంస్థ ఒక హాస్యం మీద కోర్టుకెక్కితే రేపు ప్రయాణీకుడు విసుక్కున్నా నోటీసొస్తుందేమోనన్న భయం పుడుతుంది. ఇరుకు అబద్ధం కాదుగా? నోటీసుతోపాటు ఆ ఇరుకు రూట్లో ఇంకో బస్సు కూడా వేస్తే ఎంత సొగసైన జవాబయ్యేది!

ఇక కంపెనీ సంగతి. బొమ్మ కత్తిరించింది సరే, ఎందుకు కత్తిరించిందో చెప్పిందా? నోటీసుకి జడిసి కత్తిరించడం వేరు, తప్పు తెలిసి దిద్దుకోవడం వేరు. మన కంపెనీలన్నీ ఇక్కడే తడబడుతున్నాయి.

2020 అక్టోబరులో తనిష్క్ నగల కంపెనీ ఏం చేసిందో గుర్తుందా? ముస్లిం అత్తింటివాళ్లు హిందూ కోడలికి తన ఆచారం ప్రకారం సీమంతం చేస్తారు. ఇంతే ప్రకటన. అందులో ఎవరినీ వెక్కిరించలేదు. గొడవ లేచేసరికి తీసేశారు. మనోభావాలతోపాటు తమ ఉద్యోగుల, దుకాణాల సిబ్బంది క్షేమం కూడా చూసుకోవాలన్నారు. ఆ రెండో మాట విన్నప్పుడు నాకు కోపం కన్నా దిగులే ఎక్కువ కలిగింది. కౌంటరు వెనక నిలబడే అమ్మాయికి దెబ్బ తగులుతుందని మంచి కథని దాచుకోవలసి రావడం ఏం రోజులండీ!

2019లో హోలీ ముందు సర్ఫ్ ఎక్సెల్‌కీ ఇదే గతి పట్టింది. రంగులన్నీ తన మీదే చల్లించుకుని, తెల్లబట్టల ముస్లిం పిల్లాడిని సైకిలు మీద మసీదుకి దింపే చిన్నపిల్ల కథ అది. కోపమొచ్చినవాళ్లలో కొందరు తొందరలో సబ్బుపొడికీ కంప్యూటరు లెక్కల ఎక్సెల్‌కీ తేడా చూసుకోక, పాపం, మైక్రోసాఫ్టు వాడిని తిట్టిపోశారు! కంపెనీ ప్రకటన తీయలేదు. కొన్నాళ్లకు గొడవే అణిగింది.

అదే ఇంటి కంపెనీకి ఇంకో కూతురుంది, ఫెయిర్ అండ్ లవ్లీ. నల్లపిల్లకి ఉద్యోగం రాదు, క్రీము రాసుకోగానే వస్తుంది అని చూపిస్తే, అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం ఫిర్యాదులు చేసింది. 2003లో ఆ ప్రకటనలు ఆగాయి. పేరు మాత్రం ఆగలేదు. 2020లో అమెరికాలో నల్లవాళ్ల ప్రాణాల కోసం జనం వీధుల్లోకొచ్చాక 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది. పదిహేడేళ్లు! ఈలోపు మన ఇళ్లల్లో ఎన్ని పెళ్లిచూపుల్లో ఎంతమంది పిల్లలు తల దించుకున్నారో లెక్కెవరు కట్టారు?

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరినీ నొప్పించని సీమంతం కొద్దిరోజుల్లోనే మాయమైంది. కోట్లమంది ఆడపిల్లల్ని నొప్పించిన పేరు పదిహేడేళ్లు బతికింది. కంపెనీలు గాయం ఎంత లోతో చూడవు, అరుపు ఎంత గట్టిదో వింటాయి. దోసెల ప్రకటన మీద ఫిర్యాదు చేసినవాడికి ఆఫీసూ, లాయరూ ఉన్నారు గనుక వినబడింది. ఆ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి ఒక్కతే చెబితే వినేవాళ్లా?

నన్నడిగితే, గొడవ వచ్చినప్పుడు కంపెనీ వేసుకోవలసిన ప్రశ్న "ఎంతమంది అరుస్తున్నారు" అన్నది కాదు, "ఎవరిని తక్కువ చేశాం" అన్నది. ఎవరినీ తక్కువ చేయలేదని తేలితే సర్ఫ్ వాళ్లలా నిలబడాలి. చేశామని తేలితే కత్తెర చాలదు, నోరు విప్పి చెప్పాలి.

అన్నట్టు, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలోనూ, 2025 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆర్టీసీ ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చింది. పల్లెవెలుగులో ఇరుకు ఇంకా పెరిగిందని గొణుక్కుంటూనే ఎక్కుతున్నాం. ఈసారి ఆ ఇరుకు మీద ఎవరైనా ప్రకటన తీస్తే, కాస్త మమ్మల్ని కూడా అడిగి తీయండి బాబూ. మాకూ హాస్యం తెలుసు.