ఔదార్యమా, బాకీయా?
ఇస్తాంబుల్ వాతావరణ ప్రకటనపై ఒక పరిశీలన

2015 ఆగస్టులో ఇస్తాంబుల్ నగరంలో సమావేశమైన ముస్లిం పండితులు, కార్యకర్తలు వాతావరణ మార్పుపై ఒక ఇస్లామీయ ప్రకటన వెలువరించారు. అదే ఏడాది డిసెంబరులో పారిస్‌లో జరగనున్న ప్రపంచ దేశాల సభకు ముస్లిం సమాజపు గొంతు వినిపించడం దాని ఉద్దేశం. ఇటువంటి ప్రకటనలు సాధారణంగా ఎవరి మనసూ నొప్పించవు. ఇది అలా కాదు. సంపన్న దేశాలతోపాటు చమురు ఉత్పత్తి చేసే రాజ్యాలను కూడా పేర్కొని, శతాబ్దం మధ్యనాటికల్లా హరితగృహ వాయువుల విడుదలను మాన్పించడంలో అవి ముందు నడవాలని కోరింది. ఆ రాజ్యాల్లో ముస్లిం రాజ్యాలు అనేకం. స్వజనాన్ని సైతం నిలదీసిన ఈ ధైర్యం ప్రశంసనీయం. మానవుడు భూమిపై ఖలీఫా అనీ, సృష్టిలోని మీజాన్‌ను, అనగా సమతూకాన్ని, చెరపరాదనీ దివ్య ఖుర్ఆన్ వెలుగులో చేసిన వివరణ కూడా బలమైనదే.

లోపం మరొకచోట ఉన్నది. పేద దేశాలకు సంపన్నులు ఉదారంగా ఆర్థిక, సాంకేతిక సహాయం చేయాలని ప్రకటన అంటుంది. వాణిజ్య సంస్థలను తమ లాభార్జన ఫలితాలను తామే భరించాలని అడిగిన కలం, రాజ్యాల వద్దకు వచ్చేసరికి మెత్తబడింది. ఔదార్యమన్నది సదఖాకు చెందిన మాట. ఇచ్చేవాని మంచితనంపై ఆధారపడేది. పరుల సొత్తు పాడుచేసినవాడు పరిహారం చెల్లించవలసిన బాధ్యతను ఫుఖహాలు ‘జమాన్’ అన్నారు. తెలియక చేశానన్న మాట పాపాన్ని తొలగించవచ్చు గాని, ఆ బాకీని తొలగించదు.

ఇది కేవలం మాటల పట్టింపు కాదు. వాతావరణ ఒడంబడికల చరిత్రలో పెద్ద తగాదా ఇదే. ఒడంబడిక ముసాయిదా తయారవుతున్న 1991లోనే, సముద్రమట్టం పెరిగి నష్టపోయే దీవులకు పరిహారమిచ్చే బీమా నిధి ఉండాలని వనువాటు ప్రతిపాదించింది. 1992లో ఒడంబడిక వచ్చింది గాని, ఆ నిధి రాలేదు. పారిస్ ఒప్పందపు ఎనిమిదవ అధికరణం నష్టాన్ని గుర్తించింది; దానితోపాటు ఆమోదించిన నిర్ణయమేమో, ఆ అధికరణం పరిహార బాధ్యతకు ఆధారం కాజాలదని స్పష్టంగా రాసింది. 2022లో పాకిస్తాన్ వరదలకు సుమారు 3 కోట్ల 30 లక్షల మంది గురయ్యారు. ఆ ఏడాదే షర్మ్ అల్ షేక్‌లో నష్టనిధికి అంగీకారం కుదిరింది. అందులోనూ ఇచ్చేది స్వచ్ఛందంగానే. 2025 జూలైలో మాత్రం అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహాపూర్వక అభిప్రాయంలో, వాతావరణ బాధ్యతల ఉల్లంఘన పూర్తి పరిహారానికి దారితీయవచ్చునని చెప్పింది.

ఆ న్యాయస్థానం చెప్పిన సూత్రానికి దగ్గరి సూత్రాన్ని మదరసాల్లో ఫిఖ్హ్ విద్యార్థులు శతాబ్దాలుగా చదువుతున్నారు. ఆ విద్య చేతిలో ఉండి కూడా ఇస్తాంబుల్ పండితులు దానిని వినియోగించలేదు. ఇకమీదట రాసే ప్రకటనలో ‘ఉదారంగా’ అన్నచోట ‘బాకీగా’ అని ఉండాలి. అప్పుడు చమురు రాజ్యాల లెక్క కూడా తేలవలసి వస్తుంది. తేలనివ్వాలి. అద్ల్ తనవారికొక త్రాసు, పరాయివారికొక త్రాసు పట్టదు.