అతుకుల దగ్గర తెలిసే పనితనం

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దక్షిణంగా ముప్పై కిలోమీటర్లు పోతే డార్మ్‌స్టాట్ వస్తుంది. ఆ ఊరి శివారున క్రానిష్‌స్టైన్ అనే పేటలో గోడకు గోడ ఆనుకుని నాలుగు ఇళ్లున్నాయి. దక్షిణం వైపు పెద్ద కిటికీలు, పైకప్పు మీద మట్టి పోసి పెంచిన గడ్డి. అంతకుమించి బయట నిలబడి చెప్పుకోదగ్గదేమీ కనబడదు. పాసివ్ హౌస్ అన్న పేరుతో ఇవాళ చాలా దేశాల్లో నడుస్తున్న కట్టుబడి పద్ధతికి తొలి ఇళ్లు ఇవే. 1991 అక్టోబరులో గృహప్రవేశాలయ్యాయి. వీటికి లెక్కలు కట్టిన భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ కూడా తన కుటుంబంతో అందులో ఒక ఇంట్లోనే దిగాడు. లెక్క తప్పితే చలికి వణికేది ముందు తనే అన్నమాట. అలాంటి ఇంజనీర్లంటే నాకు మొదటినుంచీ గౌరవం.

చలిదేశాల్లో ఉంటున్న మనవాళ్లకి చలికాలపు బిల్లు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చదువుకోసమో ఉద్యోగంకోసమో జర్మనీ వెళ్లి అద్దెకు దిగితే, హీటింగ్ కోసం సాధారణంగా నెలనెలా కొంత అడ్వాన్సుగా కడతారు. ఏడాది తిరిగాక అసలు వాడకం లెక్కచూసి, తేడా కట్టమని కాగితం వస్తుంది. 2022లో రష్యా గ్యాసు తగ్గిపోయి ధరలు భగ్గుమన్నాక ఆ కవరు విప్పాలంటేనే జంకిన ఇళ్లు ఎన్నో.

ఈ నేపథ్యంలో క్రానిష్‌స్టైన్ అంకెలు చూడండి. ఇన్సులేషన్ లేని పాత జర్మన్ ఇల్లు చదరపు మీటరుకి ఏడాదికి నూటయాభై, రెండొందల యూనిట్ల వేడి తినడం మామూలు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, ఒక కిలోవాట్ అవర్. పాసివ్ హౌస్‌కి పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 15. ఈ ఇళ్లలో మీటర్లు పెట్టి కొలిస్తే వచ్చింది సుమారు 10. ఒక్కో ఇల్లు 156 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 1,680 చదరపు అడుగులు. అంటే ఏడాది మొత్తానికి ఇల్లు వెచ్చగా ఉంచడానికి 1,560 యూనిట్లు చాలు. అదే కొలతలున్న పాత ఇంటికి, చదరపు మీటరుకి 160 చొప్పున వేసుకున్నా, పాతికవేలు కావాలి. గ్యాసు యూనిట్‌కి 10 సెంట్లు అనుకుంటే ఒకరి బిల్లు 156 యూరోలు, ఇంకొకరిది 2,500.

ఇంత తేడా ఏదో కొత్త యంత్రంతో వచ్చిందనుకుంటాం. కాదు. 1988లో ఫైస్ట్, స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బో ఆడమ్సన్ కలిసి చర్చించుకున్న ఊహ చాలా సాదాది. బిల్లు ఎక్కువొస్తోందంటే అందరూ ముందు బాయిలర్ మార్చే ఆలోచన చేస్తారు. చిల్లుకుండలో నీళ్లు నిలవట్లేదని ఇంకా పెద్ద చెంబు వెతుక్కోవడం లాంటిది అది. వీళ్లు కుండ సంగతి పట్టుకున్నారు. వేడి ఏయే దారుల్లో పోతోందో ఒక్కొక్కటీ లెక్కగట్టి మూసుకుంటూ వస్తే, చివరికి మిగిలే అవసరం ఎంత? ఇంట్లో మనుషుల ఒంటి వేడి, పొయ్యి, ఫ్రిజ్, దీపాలు, కిటికీలోంచి పడే ఎండ కలిసి ఆ అవసరంలో చాలాభాగం తీర్చేస్తాయి. మిగిలినది ఎంత తక్కువంటే, పాసివ్ హౌస్‌లో ఇరవై చదరపు మీటర్ల గదిని గడ్డకట్టే చలిలో వెచ్చగా ఉంచడానికి 200 వాట్లు సరిపోవాలి. పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు.

ఊహ కాగితం మీద తేలికే. దాన్ని గోడగా నిలబెట్టినవాళ్ల పని చూడాలి. బోట్, రిడ్డర్, వెస్టర్‌మాయర్ అనే ఆర్కిటెక్టుల బృందం గీసిన గోడ ఇలా ఉంటుంది: లోపల పదిహేను మిల్లీమీటర్ల జిప్సం పూత, తర్వాత పదిహేడున్నర సెంటీమీటర్ల సున్నపు ఇసుక ఇటుక, దానిమీద ఇరవై ఏడున్నర సెంటీమీటర్ల థర్మోకోల్ లాంటి పాలీస్టైరిన్, ఆపైన వల పరిచి వేసిన పూత. అంటే బరువు మోసే ఇటుక కంటే చలి ఆపే పొర మందం ఎక్కువ. అప్పట్లో అంత మందం పలకను ఒకే వరసలో వేయలేదు. పదిహేను, పన్నెండున్నర సెంటీమీటర్ల చొప్పున రెండు వరసలుగా అంటించారు. ఫలితం లెక్కలో చెప్పాలంటే, బయట మైనస్ పది, లోపల ఇరవై డిగ్రీలున్న రోజున ఈ గోడలో చదరపు మీటరుకి నాలుగు వాట్ల పైచిలుకు మాత్రమే బయటికి పోతుంది. ఇన్సులేషన్ లేని మామూలు ఇటుక గోడలో అది నలభై దాటుతుంది.

పైకప్పు నాకు మరీ నచ్చింది. దూలం అనగానే మనకు నిండుగా ఉండే చెక్క గుర్తొస్తుంది. చెక్క కూడా వేడిని మెల్లగా బయటికి మోసుకుపోతుంది కాబట్టి, పైనా కిందా రెండు చెక్క పట్టీలు పెట్టి, మధ్యలో పలుచటి హార్డ్‌బోర్డు నిలబెట్టారు. బలం తగ్గలేదు, వేడి పోయే దారి మాత్రం సన్నబడింది. దూలాల మధ్య ఖాళీ మొత్తం, నలభై నాలుగున్నర సెంటీమీటర్ల లోతు, మినరల్ ఊలు ఊది నింపేశారు.

అయితే ఈ ఇళ్ల అసలు ప్రతిభ పొరల మందంలో లేదు. మందం డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. గోడ పైకప్పుని కలిసే చోట, కిటికీ గోడని కలిసే చోట, పైపు నేలలోకి దిగే చోట ఏం చేశారన్నదే పనితనానికి పరీక్ష. పాసివ్ హౌస్ కట్టేవాళ్ల దగ్గర ఒక పెన్సిల్ సూత్రం ఉంది. ఇంటి నిలువుకోత బొమ్మ మీద గాలిని ఆపే పొర వెంట పెన్సిల్ పెట్టి, చెయ్యి ఎత్తకుండా చుట్టూ తిప్పి మొదలుపెట్టిన చోటికే రావాలి. ఎక్కడ చెయ్యి ఎత్తాల్సి వచ్చిందో అక్కడ గాలి దూరుతుంది. క్రానిష్‌స్టైన్ గోడల్లో ఆ పొర లోపలి జిప్సం పూతే. కప్పులో అది అతుకు లేకుండా అంటించిన పాలిథిన్ షీటు.

పూతే కదా అని తీసిపారేయకండి. మామూలు పనిలో తాపీమేస్త్రీ కంటికి కనిపించినంత మేరే పూస్తాడు. నేల పట్టీ వెనక, బాత్‌టబ్ వెనక, పైపులు పోయే సందులో ఎవరు చూడొచ్చారు? గాలి చొరబడేది సరిగ్గా అక్కడే. ఇలాంటి ఇంట్లో పూత కింది స్లాబు నుంచి పై స్లాబు దాకా ఖాళీ లేకుండా నడవాలి. టైల్సు, పైపులు రాకముందే వాటి వెనక గోడ పూసి ఉండాలి. స్విచ్చు పెట్టెను కూడా తడి జిప్సంలో ఒత్తి కూర్చోబెట్టాలి. ఒక్క పనివాడు బద్ధకిస్తే తక్కిన అందరి పనీ వృథా. ఎలక్ట్రీషియన్ ఒక వైరు కోసం షీటుకి కన్నం పొడిచి చెప్పకుండా పోతే, కప్పు వేసినవాడి శ్రద్ధంతా ఆ కన్నంలోంచి పోతుంది. పోయేది వేడి ఒక్కటే కూడా కాదు. లోపలి తేమగాలి ఆ సందులోకి దూరి, చల్లటి భాగం తగిలి నీరవుతుంది. చెక్క కుళ్లడం అక్కడ మొదలవుతుంది.

ఈ శ్రద్ధకి పరీక్ష కూడా ఉంది. గుమ్మంలో ఫ్యాను బిగించి ఇంట్లోనూ బయటా 50 పాస్కల్ తేడా పుట్టిస్తారు. అర సెంటీమీటరు నీటిమట్టం ఒత్తిడి, అంతే. ఆ ఒత్తిడిలో గంటకి ఇంట్లోని గాలి ఎన్నో వంతు మారిందో చూస్తారు. 0.6 మించకూడదన్నది నియమం. క్రానిష్‌స్టైన్ ఇళ్లు దానికి బాగా దిగువనే నిలిచాయి. లోపలి పని పూర్తిగా మూసేయకముందే ఈ పరీక్ష చేయడం తెలివైన పద్ధతి. అరచెయ్యి అతుకుల వెంట జరిపితే చల్లగా తగిలిన చోట తప్పు పట్టుబడుతుంది, అప్పటికప్పుడు దిద్దుకోవచ్చు.

కిటికీల కథ వేరు. అప్పటికి వీళ్లకి కావలసిన కిటికీ బజారులో లేదు. మూడు అద్దాలు, మధ్యలో క్రిప్టాన్ వాయువు, అద్దం మీద వేడిని వెనక్కి తిప్పే సన్నని పూత, ఇవన్నీ కుదిరాయి. చిక్కంతా చట్రం దగ్గర వచ్చింది. అద్దం మేలైనదై చట్రం మామూలు చెక్కదైతే చట్రంలోంచే వేడి పోతుంది. అందుకని చెక్క చట్రాలకి పాలీయూరిథేన్ నురగ తొడుగుల్ని చేత్తో చేసి అమర్చారు. ఈ తరహా కిటికీల లోపలి అద్దం బయట గడ్డకట్టే చలిలోనూ పదిహేడు డిగ్రీల దగ్గర ఉంటుంది. యూరప్ ఇళ్లలో రేడియేటర్‌ని సాధారణంగా కిటికీ కిందే పెడతారు. చల్లటి అద్దం మీంచి జారే గాలి కాళ్లకి కొట్టకుండా చూడటానికే ఆ ఏర్పాటు. అద్దం చల్లబడకపోతే ఆ కట్టుబాటు అక్కర్లేదు. గ్యాసు, పైపులు, చోటు అన్నీ కలిసొస్తాయి.

ఇంత బిగించాక ఊపిరాడేదెలా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. వంటగది, స్నానాలగది నుంచి వాడిన గాలిని లాగి, పడగ్గదుల్లోకి, హాల్లోకి కొత్తగాలి పంపే యంత్రాన్ని సెల్లార్‌లో పెట్టారు. వెళ్లే గాలి, వచ్చే గాలి ఎదురెదురుగా పలుచటి గోడలకి అటూ ఇటూ నడుస్తాయి. కలవవు, వేడి మాత్రం చేతులు మారుతుంది. ఎనభై శాతం వేడి తిరిగొచ్చిందంటే, బయట సున్నా, లోపల ఇరవై ఉన్నప్పుడు కొత్తగాలి పదహారు డిగ్రీలతో లోపలికొస్తుంది. ఆదా అయిన వేడిని ఫ్యాన్లే కరెంటు రూపంలో తినేయకుండా, తక్కువ విద్యుత్తుతో తిరిగే డీసీ మోటార్లు వాడారు. కిటికీలు తెరవకూడదన్న నియమం ఏమీ లేదు. చలికాలంలో తెరవాల్సిన అవసరం ఉండదు, అంతే.

ఇదంతా శూన్యంలోంచి పుట్టిందనడం అన్యాయం. కెనడాలో మైనస్ ముప్పైలు మామూలైన రెజైనా నగరంలో 1977లోనే హరాల్డ్ ఓర్ వంటి ఇంజనీర్లు సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్ కట్టారు. మందపాటి గోడలు, బిగువైన పొర, గాలి నుంచి వేడి పట్టే యంత్రం, అన్నీ అందులో ఉన్నాయి. దానిమీద ఖరీదైన సోలార్ గొట్టాలూ పెట్టారు. ఆ తర్వాతివాళ్లు ఎక్కువగా అందుకున్నది మాత్రం గోడలు నేర్పిన పాఠమే. ఇంకా వెనక్కి పోతే, 1893లో ఉత్తర ధ్రువం వైపు బయల్దేరిన అన్వేషకుడు నాన్సెన్ ఓడ ‘ఫ్రామ్’ గోడల్లో ఫెల్టు, బెరడు, రెయిన్‌డీర్ వెంట్రుకలు పొరలు పొరలుగా పేర్చారు. ఫైస్ట్ ఆ ఓడని కూడా పాసివ్ హౌస్‌ల వంశంలోనే చేర్చాడు. ఓడలు కట్టేవాళ్లకి అతుకు విలువ మనకంటే ముందే తెలుసు మరి.

నాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, చలి నుంచి కాపాడే ఆ పాలీస్టైరిన్ పెట్రోలియం సరుకు. ఇవాళ కడితే చెక్కపీచు, సెల్యులోజ్ లాంటివి వెతకడమే మంచిది. రెండోది డబ్బు. చేత్తో కిటికీలు చేయించి, పరిశోధన కోసం మీటర్లు బిగించి కట్టిన మొదటి ఇల్లు ఎప్పుడూ ఖరీదే. దీనికి హెస్సె రాష్ట్ర ప్రభుత్వం చేయూతనిచ్చింది. ఆనాడు చేతితో చేసుకున్న ఆ తరహా కిటికీలు, యంత్రాలు ఇప్పుడు కంపెనీలు తయారుచేసి అమ్ముతున్నాయి కాబట్టి రెండో అభ్యంతరం చాలావరకు చల్లబడింది. పైగా పాతికేళ్ల తర్వాత మళ్లీ పరిశీలించినా ఇళ్లు పనితీరు నిలబెట్టుకున్నాయి. ఎక్కువ భాగం కదలని సరుకుతో చేసిన పని కాబట్టి అరిగిపోయేది తక్కువ.

అద్దెకుండేవాళ్లు గోడలు మార్చలేరు. కిటికీ రెక్కకీ చట్రానికీ మధ్య రబ్బరు పట్టీ ఎండి చిట్లిందేమో, తలుపు కింద సందు ఉందేమో చూసి, ఓనర్ని అడిగి మార్పించుకోవచ్చు. ఇల్లు కొనబోయేవాళ్ల సంగతి వేరు. జర్మనీలో అమ్మేవారైనా అద్దెకిచ్చేవారైనా ఇంటి ఇంధన పత్రం చూపించాలని చట్టం చెబుతోంది. అందులో చదరపు మీటరుకి ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. వంటగది ఎంత బాగుందో, బాయిలర్ ఏ కంపెనీదో చూసేముందు ఆ అంకె చూడండి. కొత్త ఇల్లయితే గాలి పరీక్ష ఫలితం కూడా అడగండి. ఆ రెండూ చూడకుండా సంతకం పెట్టకండి.